ఆకలి పటము

పటములన్న మాకు చిన్ననాటి నుండియు మక్కువ. బడిగోడకు వ్రేలాడు దేశపటమున నదులవెంట వ్రేలు నడపుకొనుచు సముద్రము దాక పోవుట మాకొక ఆట. ఆకలిని గూడ పటముగా వ్రాయవచ్చునని మాత్రము ఈ నడుమనే తెలిసినది. లండను నగరపు పాతపటమొకటి కంప్యూటరు తెరపై చూచి, రెండు రాత్రులు దానిని విడువలేకపోతిమి.

దానిని వ్రాయించినవాడు చార్లెస్ బూత్, లివర్పూలున పుట్టిన ఓడల వర్తకుడు. లండనులో దారిద్ర్యమెంత యని వాదించువారే గాని యెంచి చూచినవారు లేరని తలంచి, 1886లో స్వంత ధనముతో లెక్కకు దిగెను. బిడ్డలను బడికి పంపుచున్నారా లేదా యని ఇల్లిల్లు తిరుగు విచారణదారులు ఆ నగరమున నుండిరి. వారిని కూర్చుండబెట్టి, ఏ ఇంట నెందఱు, ఏమి పని, ఎంత రాబడి యని అడిగి వ్రాయించెను. తానును కొన్నాళ్లు కూలివారి ఇండ్లలో అద్దెకుండెను. 1889లో మొదటి సంపుటము వెలువడెను. పటమున వీధివీధికి రంగు వేసినాడు: ధనికులకు పసుపు, కలిగినవారికి ఎఱుపు, సుఖముగా గడచువారికి గులాబి, కలగాపులగమునకు ఊదా, పేదలకు లేతనీలము, కటికపేదలకు ముదురునీలము, అట్టడుగువారికి నలుపు. ఆ నల్లవీధులవారిని దుష్టులనియు సగము నేరస్థులనియు గూడ వర్ణించెను. కూడు లేనివానికి గుణమును లేదనుకొను జబ్బు ఆ పెద్దమనిషిని సైతము విడువలేదు! అయినను లెక్క లెక్కయే. నగరమున నూటికి 30.7 మంది దరిద్రులని తేలినది. ఎఱ్ఱని పెద్దవీధికి వెనుక గోడనానుకొని నీలపుసందు, దాని కొసను నల్లని చుక్క. బండిలో పోవు దొరసానులకు ఎన్నడును కనబడనిది కాగితముపై కనబడినది.

మనకును ఇట్టి పటములు లేకపోలేదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాలకు లెక్కలు కట్టినది. చూచిన ఇండ్లు దాదాపు 6 లక్షల 37 వేలు, అనగా జిల్లాకు సగటున 900. అంతమాత్రముతో జిల్లాకొక రంగు వేయవచ్చును గాని ఊరికొక రంగు వేయరాదు. ఆనాటి తూర్పుగోదావరి జిల్లాలో కోనసీమ కొబ్బరితోటలును రంపచోడవరపు మన్యమును కలిసియుండెను గనుక రెంటికిని ఒకే రంగు పడినది. 2022లో ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 అయినపుడు ఆ రెండును వేఱుపడినవి. కొండమీది పస్తు ఆనాడు క్రొత్తగా పుట్టినది కాదు గదా!

బూత్ మాకు గురువయ్యెను. ఒక ఆదివారము మా పిల్లల రంగుపెన్సిళ్లు ముందు వేసికొని, మా వీధికి మేమే పటము వ్రాయ మొదలిడితిమి. పది పండ్రెండిండ్లకు వెనుకముందు చూడక ఎఱుపు వేసితిమి. వీధి చివర కట్టుచున్న మేడ క్రింద రేకులగదిలో కాపలావాని సంసారమున్నది. అక్కడ చేయి ఆగినది. మా చిన్నవాడు నీలపు పెన్సిలు తానే తీసి యిచ్చెను. మా ఇంటికి ఎఱుపు వేయుచుండగా పెద్దమ్మాయి అడ్డుపడి, "అమ్మకు కూడా ఎఱుపేనా నాన్నా?" అన్నది. వేళాకోళమనుకొని నవ్వితిమి.

అది వేళాకోళము కాదు. అంతకు పది దినములకు ముందే తల్లిని వైద్యశాలకు తీసికొనిపోయినది ఆ పిల్లయే. మాకు తీరిక లేకపోయినది. రక్తములో హిమోగ్లోబిను 12 గ్రాములుండవలసినచోట 8 ఉన్నదట. ఆ చీటి మా బల్లమీదనే, మేము ఆకలిని గూర్చి సేకరించిన కాగితముల క్రింద పడియుండెను. రక్తహీనతకు తిండి యొక్కటే కారణము కాదు. నెలసరి కలదు, కాన్పులు కలవు, నులిపురుగులు కలవు. కాని వైద్యురాలు మొదట అడిగినది, "మీరు ఎప్పుడు తింటారు? అప్పటికి గిన్నెలో ఏముంటుంది?" అనియట. మా గృహిణి బదులు చెప్పలేదట. పిల్ల చెప్పినది: అందఱు లేచిన తరువాత, అడుగంటిన అన్నము, ఊరగాయ, మజ్జిగ.

ఇరువదియేండ్లుగా ఆ పంక్తిలో మొదట కూర్చున్నవారము మేమే. మారు వడ్డించుకొన్నవారమును మేమే. ఆ సర్వేలోనే 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికి, తెలంగాణమున 57.6 మందికి రక్తహీనత యున్నదని చదివి, అయ్యో పాపమని, గీత గీసి, తేదీ వేసియుంచితిమి. వారెవరో మన్యమునందో, మురికివాడలయందో ఉందురని మా యూహ. నూటికి సగముకంటె మించినవారు పేదవీధులయందే ఎట్లు పట్టుదురని ఇంత చదువు చదివిన మాకు తోచలేదు. బూత్ రంగు వీధివఱకు వచ్చినది. జిల్లాపటము అంతదూరమును రాలేదు. గడప దాటి వంటింటిలోనికి పోయి, గిన్నెలో తొంగిచూచినది మా అమ్మాయి.

ఆ రాత్రి నుండి అందఱము ఒకేసారి కూర్చుండుచున్నాము. మొదటినాడు ఆమె నాలుగుసార్లు లేచినది, ఉప్పుకని, నీళ్లకని. రెండవనాడు అలవాటులేని పనివలె తలవంచుకొని తిన్నది. మూడవనాడు పప్పు చాలలేదు. మా అమ్మాయి గిన్నె వంచి చూచి, "రోజూ ఇంతే వండేదానివా అమ్మా?" అని అడిగినది. ఆమె మజ్జిగ చెంబు కొఱకు లేవబోయినది. ఈసారి మేము లేచితిమి.