నీళ్ళ విరేచనం వెనుక

మలబద్ధకానికి వాడే నేలతంగేడాకును విదేశీ మందుల పుస్తకాలు మా తళవాయిపురానికి దక్షిణానున్న తిరునెల్వేలి పేరుతో 'తిన్నెవెల్లి సెన్నా' అంటాయి. రాత్రి పుచ్చుకుంటే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. అయితే అన్నివేళలా అది పనికిరాదు.

నిరుడు మోకాలినొప్పికి ట్రమడాల్ వాడిన మా అమ్మకు వారంపాటు విరేచనం కాలేదు. ఆపైన నీళ్ళలా కారసాగింది. విరేచనాలు పట్టుకున్నాయని ఆవిడ వాటిని ఆపే మాత్ర అడిగింది. డాక్టరుగారు పరీక్షించి, గట్టిపడిన మలం అడ్డుపడిందనీ, దాని పక్కనుంచి నీరు జారుతోందనీ చెప్పి ఎనిమా ఇచ్చారు, నొప్పిమాత్ర మార్చారు. ఇలాంటప్పుడు నేలతంగేడూ సొంతంగా వాడకూడదట.

ఇప్పుడు ఆకుకూర, పండు, నీళ్ళు తప్పవు. కాఫీ తాగాక పేగు కదులుతుంది కనుక అప్పుడే వెళ్ళాలి. కౌంటరు ముందు జనమున్నారని ఆపుకునే మా బ్యాంకు వాళ్ళకూ ఇదే చెబుతుంటాను. రక్తం పడినా, వాంతులై కడుపుబ్బినా వెంటనే డాక్టరు దగ్గరికే. అమ్మ అయితే పొద్దున్నే బాత్రూం ఎవరికీ ఇవ్వదు!