మా తండ్రిగారి బుల్లెట్టు

మా తండ్రిగారు రేపల్లె ప్రాంతపు గ్రామసంఘములలో కాపరిగా నుండినప్పుడు, 1981వ సంవత్సరమున కొనిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు ఇప్పటికిని నాయొద్ద నున్నది. బాల్యమున నేను పెట్రోలు టాంకుమీద కూర్చుండి, వేగమాపకపు ముల్లు 40 ఎప్పుడు దాటునా యని కనిపెట్టుచుండెడివాడను. వారు దాటనిచ్చెడివారు కారు. వారు ప్రభువునందు నిద్రించిన పిమ్మట బండి నాకు వచ్చినది. అప్పటికే ఆ ముల్లు త్రాగినవానివలె 20కిని 60కిని నడుమ ఊగులాడుచుండెను.

చాలకాలము దానిని సరకుగొనలేదు. అయితే నిరుటి సంవత్సరము ఒక సాయంకాలము పాఠశాల ద్వారమునొద్ద ఒక చిన్నవాడు బంతికొరకు అడ్డముగా పరుగెత్తి వచ్చెను. బండి వానికి మూరెడు దూరమున నిలిచినది. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. ఎంత వేగముగా వచ్చుచుంటినో నాకే తెలియదు! వేసవి సెలవులలో ఎలక్ట్రానికు మాపకము నమర్చుటకు పూనుకొంటిని.

పాతదానిని నిందింపరాదు. అది 1902లో ఆటో షుల్జె యను జర్మను ఇంజినీరు పేటెంటు పొందిన పద్ధతిపై నడచునది. ముందు చక్రము ఒక కేబులును, కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ చేరువగా అల్యూమినియపు గిన్నె యొకటి యుండును. అల్యూమినియమును అయస్కాంతము ఆకర్షింపదు. అయినను తిరుగు అయస్కాంతము గిన్నెలో విద్యుత్ప్రవాహములను పుట్టించి దానిని తనవెంట లాగును. సన్నని స్ప్రింగు వెనుకకు లాగును. ఆ పెనుగులాటయే ముల్లు చూపెడి వేగము.

క్రొత్తదానికి పెనుగులాట లేదు, లెక్కయే. చక్రమునకు చిన్న అయస్కాంతము నంటించి, ప్రక్కనున్న ఫోర్కునకు సెన్సారు బిగించితిని. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన ధర్మమునుబట్టి, అయస్కాంతము దాటినప్పుడెల్ల సెన్సారు ఒక సంజ్ఞ పంపును. బండిలోని విద్యుత్తు 6 వోల్టులు, మాపకమునకు 12 కావలెను. దానిని హెచ్చించు చిన్న పెట్టె నొకటి చేర్చితిని.

ఇంజను నడిపింపగా, నిలుచున్న బండి 112 కిలోమీటరుల వేగమున పోవుచున్నట్లు అంకెలు వెలిగెను. మా యింటివారు నవ్విన నవ్వు ఇంకను వినబడుచున్నది. మోటారు సైకిలు ప్రక్కగా పోయినప్పుడు రేడియో గరగరలాడుట పెద్దలెరుగుదురు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టినప్పుడు వెలువడు ఆ తరంగములనే సెన్సారు తీగ గ్రహించుచుండెను. 5 వేల ఓముల నిరోధకముగల ప్లగ్గు మూత తగిలించి, తీగను దూరముగా కట్టగా అంకె సున్నకు దిగినది.

ఇంతకంటె అపాయకరమైన తప్పు కంటికి కనబడనిది. మాపకము సంజ్ఞలనే యెరుగును. చక్రము ఒక చుట్టునకు ఎంత దూరము పోవునో మనము చెప్పవలెను. దుకాణములో 185 సెంటీమీటరులని పెట్టి యిచ్చిరి. బండిపై నేను కూర్చుండగా ఇద్దరు విద్యార్థులు ఆటస్థలమున మెల్లగా త్రోసిరి. పది చుట్లకు టేపు 20 మీటరుల 20 సెంటీమీటరులు చూపెను. అనగా చుట్టునకు 202. దుకాణపు లెక్కతో మాపకము 40 చూపినప్పుడు బండి 43కు పైగా పోవుచుండును! ముల్లు తన వ్యాధిని వణకుచు చెప్పుకొనెడిది. ఈ అంకెలు అబద్ధమును వణకక చెప్పును.

పాతదానిలో దూరము 61,874 కిలోమీటరులు. అందు నావి కొన్నియే. తక్కినవి బాప్తిస్మములకును, భూస్థాపనలకును, వానలో ఆదివారపు ఆరాధనలకును వారు తిరిగినవి. కేబులు తెగియున్న మాసములు అందు చేరలేదు. ఆ సంఖ్యను క్రొత్తదానిలో ఎక్కింపవచ్చును. రెండు దినములు ఆలోచించి మానితిని. ఆ దూరము అది కొలిచినది కాదు. సంఖ్యను తేదీతో వ్రాసి బండి పత్రములలో నుంచితిని.

పాత మాపకము ఇప్పుడు మా ప్రయోగశాల బల్లమీద నున్నది. తొమ్మిదవ తరగతివారు కేబులు కొసను వ్రేళ్లతో త్రిప్పి ముల్లును లేపుచుందురు. అట్లు త్రిప్పినకొలది దూరపు అంకెయు మిక్కిలి మెల్లగా జరుగునని మొదట నాకు తోచలేదు. మొన్న చూడగా 61,875 అని యుండెను. వారినేమియు అనలేదు.