గంట ఫ్లైటే... మరి ఇంటికెళ్లేసరికి?

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాల్లో దూరం సుమారు 265 కిలోమీటర్లు. విశాఖకి దాదాపు 510. ఇప్పుడు టికెట్ యాప్‌లో టైమ్ చూడండి. విజయవాడకి గంట పైచిలుకు, వైజాగ్‌కి గంటంబావు అటూ ఇటూ. దూరం దాదాపు రెట్టింపైనా, టైమ్ పెరిగింది కొన్ని నిమిషాలే!

ఎందుకంటే యాప్ చూపించేది గాల్లో ఎగిరే టైమ్ మాత్రమే కాదు. ఇక్కడ విమానం కదిలినప్పటి నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, క్యూలో ఆగడం, పైకెక్కడం, కిందికి దిగడం... ఊరు దగ్గరైనా దూరమైనా ఇవి తప్పవు. పైగా దగ్గర ఊళ్లకి తరచూ ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాలు వేస్తారు. వాటి వేగం గంటకి 500 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటే, జెట్‌లు 800 దాటతాయి.

సరే, అసలు కథ నేల మీదుంది. కొండాపూర్‌లో ఉండే నాలాంటివాడికి శంషాబాద్ క్యాబ్‌కే గంట. డిజియాత్ర ఉన్నా సరే, గంటన్నర ముందు చేరితేనే గుండె నిమ్మళం. గన్నవరంలో దిగాక బ్యాగు, ఆటో, బెజవాడ ట్రాఫిక్... మొత్తం నాలుగున్నర గంటలు. కారులో 65వ నంబర్ హైవే ఎక్కితే, సూర్యాపేటలో టీ తాగినా అయిదున్నర. ఆ గంట కోసం వేలు పొయ్యాలా? సంక్రాంతికైతే పొయ్యాలి. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆ రోజుల్లో ఇరుక్కున్నవాళ్లని అడగండి!

వైజాగ్ సంగతి వేరు. ఇంటి నుంచి ఇంటికి అదే నాలుగున్నర, అయిదు గంటలు. సికింద్రాబాద్ నుంచి వందే భారత్ ఎక్కినా ఎనిమిదిన్నర. శని, ఆదివారాలే సెలవున్నవాడికి ఫ్లైట్ దండగ కాదు.

రాత్రి పదకొండింటికి ‘నాన్నని హాస్పిటల్లో చేర్చాం, బయల్దేరు’ అని ఫోనొస్తే మాత్రం లెక్క మళ్లీ తిరగబడుతుంది. బెజవాడవాళ్లు పొద్దున ఫ్లైట్ కోసం వెతుకుతూ కూర్చోకూడదు. అప్పుడే కారెక్కితే తెల్లారకముందే మంచం పక్కన ఉంటారు. (మీరు నడపకండి, డ్రైవర్‌ని పెట్టుకోండి.) వైజాగ్‌వాళ్లకి ఆ దారీ లేదు. రోడ్డు మీద పది గంటల పైనే. ఫస్ట్ ఫ్లైట్ కోసం రాత్రంతా ఫోన్ పట్టుకుని మేలుకోవాల్సిందే.

2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారినప్పుడు గాల్లో టైమ్ పెద్దగా మారలేదు, సిటీవాళ్లకి క్యాబ్ టైమ్ పెరిగింది. విశాఖ విమానాలు భోగాపురానికి మారితే అక్కడా ఇదే కథ. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ ఊళ్లోనే ఉంది. భోగాపురం సిటీ నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. గాజువాకలో ఉండే నా రూమ్మేట్ ఇప్పట్నుంచే గొణుగుతున్నాడు. విజయనగరంలో మా అత్తయ్య మాత్రం, ‘ఇక నువ్వు దిగేది మా గుమ్మంలోనే కదరా, భోంచేయకుండా వెళ్తే ఊరుకోను’ అంటోంది.