రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అది మంచం

మా ఇంటికి సోఫా కమ్ బెడ్ కొన్న రోజు షాపులో దాని మీద అందరం కూర్చుని చూశాం. ఒక్కరం కూడా పడుకుని చూడలేదు.

2022లో తాతయ్య పోయాక నాయనమ్మని తెనాలి దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చేశాం. కూకట్‌పల్లిలో మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఒక రూమ్ అమ్మానాన్నలది, ఇంకోటి నాదీ చెల్లిదీ. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్, ఇంట్లో ఎంసెట్ తప్ప ఇంకో మాట లేదు. "వాడి చదువు పాడవకూడదు" అని నాన్న తేల్చేశాడు. నేనూ మారు మాట్లాడలేదు. ఇక మిగిలింది హాలు.

అలా ఒక ఆదివారం షాపుకి వెళ్ళాం. "పగలు సోఫా, రాత్రి మంచం సార్. ఇనుము లేదు, స్క్రూ లేదు, చిన్నపిల్లాడైనా తీసేస్తాడు" అన్నాడు షాపతను. అమ్మ కర్టెన్లకి మ్యాచ్ అయ్యే రంగు చూసింది. నాన్న పద్దెనిమిది వేలని పదిహేనుకి దించాడు. నేను కాబోయే ఇంజనీర్ని కదా, ఫోమ్ డెన్సిటీ ఎంత అని అడిగాను. "32" అన్నాడు. అదేదో బానే ఉన్నట్టు తలూపాను. ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని దాని అర్థమనీ, మెత్తనా గట్టా అనేది వేరే లెక్క అనీ తర్వాతెప్పుడో తెలిసింది.

నాయనమ్మని మాత్రం తీసుకెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులు, ఎందుకు తిప్పడం అనుకున్నాం. ఆ మోకాళ్ళ కోసమే ఆమెని తీసుకెళ్ళాల్సిందని ఎవరికీ తట్టలేదు.

ఆ సోఫా ఎలా పనిచేస్తుందంటే, రెండడుగుల ఫోమ్ దిమ్మలు మూడు ఉంటాయి. రెండు ఒకదాని మీద ఒకటి ఉండి సీటు అవుతాయి, మూడోది వీపుకి ఆనేది. మడత విప్పితే మూడూ వరసగా పరుచుకుని ఆరడుగుల పరుపు. ఒక్కో దిమ్మ ఎనిమిది అంగుళాల మందం. అంటే కూర్చున్నప్పుడు పదహారు అంగుళాల ఎత్తు, పడుకున్నప్పుడు ఎనిమిదే. సోఫాగా సరిపోయేది మంచంగా దాదాపు నేల మీద ఉంటుంది. ఊళ్ళో నవారు మంచం మీద నుంచి కాళ్ళు కిందకి దించి లేచే మనిషి, ఇక్కడ రాత్రి బాత్రూమ్‌కి లేవాలంటే ముందు పక్కకి ఒత్తిగిలి, మోకాలు నేలకి ఆనించి, టీవీ స్టాండ్ పట్టుకుని లేవాలి. ఆ స్టాండ్ అంచు మీద పాలిష్ పోయింది. ఎందుకు పోయిందో నేను చాలా రోజులు గమనించలేదు.

పది నెలలు ఆమె అక్కడే పడుకుంది. ఒక్క మాట అనలేదు.

2023 ఐపీఎల్ ఫైనల్ గుర్తుందిగా? మే 28న వానకి జరగలేదు, 29కి మారింది. చెన్నై ఛేజింగ్ మొదలవగానే మళ్ళీ వాన. ఆట తిరిగి మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటింది, పదిహేను ఓవర్లలో 171 కొట్టాలి. ఎంసెట్ అయిపోయింది, ర్యాంక్ కూడా వచ్చేసింది. పక్క బ్లాక్ ఫ్రెండ్స్ ఇద్దరు వచ్చారు. వాన పడినంతసేపూ ముగ్గురం సోఫా మీదే చిప్స్ తింటూ కూర్చున్నాం. మధ్యలో నాయనమ్మ ఒకసారి అడిగింది, "అయిపోయిందా నాయనా?" అని. "ఇంకాసేపే నాయనమ్మా" అన్నాను, తల తిప్పకుండానే.

చివరి రెండు బంతులకి జడేజా సిక్సూ ఫోరూ కొట్టాడు. మేము సోఫా మీద ఎగిరి గంతులేశాం. ఫ్రెండ్స్‌ని పంపించి తలుపేసి చూస్తే టైము ఒకటిన్నర దాటింది. డైనింగ్ కుర్చీలో నాయనమ్మ. తల ఫ్రిజ్‌కి ఆనించి నిద్రపోతోంది. ఒళ్ళో దిండు, మడత పెట్టిన దుప్పటి.

మేం మూడు గంటల పైన కూర్చున్నది ఆమె మంచం మీద.

లేపితే "గెలిచారా నాయనా? మంచిది" అంది. అని సోఫా మడత విప్పడానికి వంగింది. చిప్స్ ముక్కలు చేత్తో దులిపింది. నాకేం మాట్లాడాలో తెలీలేదు. "నా మంచం మీద పడుకో నాయనమ్మా" అన్నాను. "వద్దురా, నీకిక్కడ నిద్ర పట్టదు" అంది. అంటే ఆమెకి తెలుసన్నమాట. నేను ఇక వాదించకుండా వెళ్ళి దాని మీద పడిపోయి దుప్పటి ముసుగు పెట్టేశాను. కాసేపు నిలబడి, తర్వాత మెల్లగా రూమ్‌లోకి వెళ్ళింది.

ఆ రాత్రి నుంచి హాస్టల్‌కి వచ్చేదాకా హాలు నాది. అప్పుడు తెలిసొచ్చింది. దిమ్మల మధ్య రెండు గాళ్ళు: ఒకటి సరిగ్గా నడుం కింద, ఇంకోటి మోకాళ్ళ కింద. ఐదింటికి కళ్ళలోకి కిచెన్ లైటు, ఐదున్నరకి మిక్సీ. ఎవరైనా బెల్లు కొట్టేలోపు లేచి పక్క సర్దేయాలి. రాత్రి ఆఖరి మనిషి హాల్లోంచి వెళ్తేగానీ పడుకోలేం. అన్నిటికన్నా కష్టం మధ్యాహ్నం. తలనొప్పిగా ఉండి కాసేపు వాలదామంటే సోఫాలో ఎవరో ఒకరు ఉంటారు. ఊళ్ళో నాయనమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీసేది. ఇక్కడికొచ్చాక మానేసింది. పట్నం వచ్చి అలవాటు మారిందేమో అనుకున్నాం.

ఒకసారి ఆమెతోనే అన్నాను, ఈ సోఫా కొనడమే తప్పు అని. "దాందేముందిరా, మన అరుగు మాత్రం? పగలు కూర్చునేది, రాత్రి పడుకునేది. కాకపోతే మీ తాతయ్య భుజం మీద తువ్వాలు తీసి దులిపాడంటే ఎంతమంది ఉన్నా లేచిపోయేవాళ్ళు" అంది.

మొన్న ప్రోడక్ట్ డిజైన్ ప్రెజెంటేషన్ కోసం వెతుకుతుంటే సారా గూడ్ గురించి చదివాను. షికాగోలో ఫర్నిచర్ షాపు నడిపేది. మడిస్తే పగలు రాసుకునే బల్లగా పనికొచ్చే మంచానికి 1885లో పేటెంట్ తీసుకుంది. అమెరికాలో పేటెంట్ పొందిన తొలి నల్లజాతి మహిళల్లో ఒకరు. ఇరుకు ఇళ్ళ వాళ్ళ కోసం చేసింది. చదువుతుంటే మా హాలే గుర్తొచ్చింది. మడత ఎలా పడాలో పేటెంట్‌లో రాయొచ్చు. ఎవరు ఎప్పుడు లేవాలో మాత్రం ఇంట్లోవాళ్ళే రాసుకోవాలి.

మీ ఇంట్లో కొనే ఆలోచన ఉంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను. మడత విప్పిన సైజుకి హాల్లో న్యూస్ పేపర్లు పరిచి, అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్ళినట్టు ఒకసారి నడిచి చూడండి. పడుకునే ఎత్తు విడిగా కొలవండి. పెద్దవాళ్ళకైతే మోకాలి ఎత్తుకి తగ్గకుండా ఉండాలి. గాళ్ళు ఎక్కడ వస్తాయో షాపులోనే పది నిమిషాలు పడుకుని చూడండి, సిగ్గుపడకండి. దాని మీద రోజూ పడుకోబోయే మనిషిని తప్పకుండా తీసుకెళ్ళండి. చుట్టాలొచ్చినప్పుడు రెండు రాత్రుల కోసమైతే మాత్రం అది మంచి వస్తువే, నేను కాదనను.

ఇప్పుడు నాయనమ్మ నా మంచం మీద పడుకుంటుంది. పక్కన చెల్లి. మధ్యాహ్నం కునుకు కూడా మళ్ళీ మొదలైందట. సెలవులకి నేను ఇంటికి వెళ్తే సోఫా కమ్ బెడ్ నాది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్న, బాబాయ్ దాని మీద కూర్చుని టీవీలో ఏదో డిబేట్ చూస్తున్నారు. తొమ్మిదిన్నరకి నాయనమ్మ గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చి రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది.

"లేవండర్రా. అది వాడి మంచం."

ఇద్దరూ లేచారు.