బాపు వైపు సీటు

జర్మనీ నుంచి వచ్చాక మా కాలనీలో అందరూ అడిగింది ఒకటే. "ఏమేం చూసినవ్ వదినా?" కొలోన్‌లో పెద్ద చర్చి చూశాను, రైన్ నదిలో పడవ ఎక్కాను. అవి చెబితే సరిపోయేది. నేనేమో "మా తమ్ముని పాత ఫియట్‌ల కూసొని రేసుల రోడ్డు మీద తిరిగిన" అన్నాను. ఎదురింటామె బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. నలభై ఏడేళ్ల మనిషిని, చీర మీద స్వెటరు, కాళ్లకు సాక్సులు. నవ్వదా మరి!

నేను పోయింది రేసులకు కాదు. 2024 మే నెలలో మా మరదలికి రెండో కాన్పు. అమ్మకు మోకాళ్లు సహకరించవు. అందుకని మూడు నెలల వీసా మీద నన్ను పంపారు. సూట్‌కేసులో సొంఠి, వాము, నువ్వుల లడ్డూలు, రెండు కిలోల సకినాలు. పిల్లకు నూనె రాసి స్నానం చేయించడం, బాలింతకు పత్యం వండడం, పెద్దదాన్ని స్కూల్లో దింపి రావడం, ఇదీ నా పని.

ఇంటి కింద గ్యారేజీలో మాత్రం ఒకటి ఉందని నాకు ముందే తెలుసు. దాని మీద నాకు మూడేళ్ల కోపం కూడా ఉంది.

ఆ కోపం అర్థం కావాలంటే ముందు మా బాపు బండి సంగతి చెప్పాలి. బాపు బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫోర్‌మన్. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. క్రషింగ్ మొదలైతే ఊరంతా పాకం వాసన, రోడ్డు మీద కిలోమీటర్ల బారున చెరుకు బండ్లు. మేము బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలకు ఆ వాసన తెలియదు, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. బాపు అంతకు చాలా ముందే రిటైరయ్యాడు.

1986లో, బదిలీ మీద పోతున్న ఒక డాక్టరుగారి దగ్గర బాపు సెకండ్ హ్యాండు ఫియట్ కొన్నాడు. 1973 మోడల్. ఆ రోజుల్లో దాని అసలు పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్. ఆ మరుసటి ఏడాది నుంచి అదే బండి ప్రీమియర్ పద్మిని అయింది. మనకు మాత్రం రెండూ ఫియటే. ఇటలీవాళ్ల 1100 మోడల్‌ను బొంబాయి కుర్లాలో తయారు చేశారు. 1089 సీసీ ఇంజను, గేరు స్టీరింగు పక్కన. ఫోర్‌మన్ జీతానికి కారేంటని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. బాపు మెకానిక్కు దగ్గరికి పోయే మనిషి కాదు. ఆదివారం పూట బోనెట్ ఎత్తి తనే అన్నీ విప్పి, గుడ్డ మీద వరసగా పెట్టి, మళ్లీ బిగించేవాడు. పానాలు అందించేది నేను. నంబర్లు నాకు నోటికొచ్చేవి.

కానీ డ్రైవింగ్ నేర్పింది తమ్ముడికి. ఫ్యాక్టరీ గ్రౌండులో, వాడికి పద్నాలుగేళ్లప్పుడు. నేనూ అడిగాను. "నీకెందుకు బిడ్డా, డ్రైవరున్న ఇంటికే ఇస్త నిన్ను" అన్నాడు నవ్వుతూ. ఇచ్చింది స్కూటరున్న ఇంటికి! మా ఆయన ఇది చదువుతాడు, చదవనీ.

2021 మే నెలలో బాపు పోయాడు. ఆ నెల ఎట్లాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. రాకపోకల మీద ఆంక్షలు, వస్తే మళ్లీ ఎప్పుడు పోగలుగుతాడో తెలియదు, ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తమ్ముడు రాలేదు. మా బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. నేను ఫోను పైకి ఎత్తి పట్టుకున్నాను, వాడు అక్కడ్నుంచి చూశాడు. రాలేకపోయాడని నాకు బుద్ధికి తెలుసు. మనసు ఒప్పుకోలేదు, అంతే.

ఆరు నెలలకు వాడి వాట్సాప్ ఫొటో మారింది. లేత నీలం రంగు ఫియట్, దాని పక్కన చేతులు కట్టుకొని వాడు. అక్కడ కొన్న పాత కారు. 1100డి అట, 1964ది. ఇక్కడ బోధన్‌లో బాపు బండి వేపచెట్టు కింద తార్పాలిన్ కప్పుకొని ఎలుకలకు కాన్పులు చేస్తోంది. తండ్రి కోసం టికెట్ కొనలేనివాడు యూరోలు పోసి తుప్పు బండి కొన్నాడా అనుకున్నాను. నెల రోజులు వాడి ఫోను ఎత్తలేదు. తరువాత ఎత్తాను కానీ బండి మాట నేను తీయలేదు, వాడూ తీయలేదు. ఒక్క 2023 అక్టోబరు ఆఖర్లో మాత్రం, ముంబైలో చివరి పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్లు నిండి రోడ్డు దిగిపోతోందని వార్త వచ్చినప్పుడు, అర్ధరాత్రి చేశాడు. "అక్కా, బాపు బండి పాతసామానుకు ఏయకుండ్రి." "అమ్మను అడుగు" అని పెట్టేశాను.

జర్మనీలో ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండికి నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. చారిత్రక వాహనం అన్నట్టు. పన్ను తక్కువ, కానీ తనిఖీలు తప్పవు. వీడు శనివారాలు ఆ బండి కిందే ఉంటాడు. మరదలు అవన్నీ సర్దుకుంది. సర్దుకోనిది ఒక్కటే, నూర్‌బుర్గ్‌రింగ్. కొలోన్‌కు తొంభై కిలోమీటర్ల దూరంలో అడవుల మధ్య ఉన్న పాత రేసు ట్రాకు అది. 1927లో తెరిచారు. రేసులు లేని రోజుల్లో సాయంత్రాలు, వారాంతాలు మామూలు జనానికి వదులుతారు. 2024లో రౌండుకు 30 యూరోలకు అటూ ఇటూ, అప్పటి మన లెక్కన 2,700 రూపాయలు. 2024లో కారైనా, మోటారు సైకిలైనా డబ్బు కట్టి తిరగొచ్చేది. చట్టం లెక్కలో అది టోల్ కట్టే వన్‌వే రోడ్డేనట. ట్రాఫిక్ రూల్సన్నీ వర్తిస్తాయి. ఎవడికి ఎంత టైము పట్టిందో కొలవడం నిషేధం. చాలా ఇన్సూరెన్సులు అక్కడ జరిగిన ప్రమాదానికి పైసా ఇవ్వవు. పక్కన రెయిలింగుకు గుద్దితే దాని ఖర్చు కూడా గుద్దినవాడిదే.

"రెండు నెలల పిల్లను ఒళ్లో పెట్టుకొని నేనెట్ల నిద్రపోవాలె వదినా?" అంది మరదలు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి తనే దారి చెప్పింది. "వదిన పక్కన కూసుంటేనే పో. అప్పుడు మెల్లగ నడుపుతవ్." అంటే ఆ బండికి నన్ను బ్రేకుగా బిగించిందన్నమాట.

అలా జూలైలో ఒక ఆదివారం బయల్దేరాం. దారికి పులిహోర చేసుకున్నాను. బండి తలుపు తీసి కుడివైపు కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది. అక్కడ స్టీరింగు ఎడమ వైపు కదా, పక్కన కూర్చునేవాళ్లది కుడి సీటు. అంటే అది బాపు సీటు. అదే పొట్టి డాష్‌బోర్డు, అదే చిన్న అద్దం, పెట్రోలూ పాత రెక్సినూ కలిసిన అదే వాసన. నా ముందు స్టీరింగు ఒక్కటి లేదు. తమ్ముడు ఎడమ వైపు కూర్చొని కుడి చేత్తో గేరు వేస్తుంటే అద్దంలో బాపును చూసినట్టుంది. నేనేమీ అనలేదు.

ట్రాకు దగ్గర పార్కింగులో వందల కార్లు. నేల మీద పాకుతున్నట్టుండే పోర్షేలు, వాటి మధ్య అమ్మమ్మలా మా ఫియట్. జనం వచ్చి దాని ఫొటోలే తీసుకున్నారు. కొంచెం గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు. బండిలో కదిలే సామాను ఏదీ ఉండకూడదని వాడు అన్నీ దింపేశాడు. నీళ్ల సీసా, నా చేతి సంచి, పులిహోర డబ్బా సహా. పక్కన పాత బీటిల్ కారు ముసలాయన దగ్గర అప్పజెప్పాడు. ఆ కాలం బండ్లకు సీటు బెల్టులు ఉండవు, వీడే కొత్తవి వేయించాడట. గట్టిగా బిగించుకున్నాను. ఆంజనేయ దండకం సగం దాకా వచ్చింది.

గేటు దాటాక రోడ్డు చెట్లలోకి దూరింది. మొత్తం 20.8 కిలోమీటర్లు. మన ఎడపల్లి, జానకంపేట మీదుగా బోధన్ నుంచి నిజామాబాద్ పోయే దారి కన్నా కొంచెం తక్కువ. కాకపోతే డెబ్భైకి పైగా మలుపులు. కిందికీ మీదికీ కలిపి మూడు వందల మీటర్ల ఎత్తు తేడా. వాడు కుడివైపు అంచునే పట్టుకొని పోతున్నాడు. వెనక లైట్లు కనిపిస్తే కుడి ఇండికేటరు వేస్తాడు, అవి ఎడమ నుంచి రయ్యిమని పోతాయి. నేను మెడ తిప్పి "ఒస్తుండు, ఒస్తుండు, పోయిండు" అని చెబుతున్నాను. కాసేపటికి అదే నా పని అయిపోయి భయం తగ్గింది.

నక్క గొట్టం అని పేరున్న చోట రోడ్డు నిటారుగా దిగుతుంది. దాని తర్వాత అడెనావ్ అనే ఊరి దాకా దిగుడే దిగుడు. అన్నీ డ్రమ్ము బ్రేకులు, వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ముందు వాసనే వచ్చింది. నాకు తెలిసిన వాసన. "బ్రేకు కాలుతుంది. గేరుల దించు" అన్నాను. వాడు థర్డ్ నుంచి సెకండ్‌కు మార్చాడు, ఇంజను గుర్రుమని బండిని పట్టి ఆపింది.

దిగుడు అయ్యాక ఎక్కుడు. ఎక్కే ముందు ఒక మలుపు చూపించి, "1976 ఆగస్టు 1న నికీ లౌడా కారు ఈడనే తగలబడింది అక్కా. ఆరు వారాలకే మళ్ల రేసుకొచ్చిండు" అన్నాడు. ఇది ఇప్పుడు చెప్పాల్సిన ముచ్చటేనా! ఆ ధ్యాసలో గేరు మరిచాడు. ముందు పొడుగాటి చడావు, బండి థర్డ్‌లో ఆయాసపడుతోంది.

"సెకండ్ ఎయ్‌రా. చడావు షురూ కాకముందే ఎయ్యాలె, ఎక్కినంక కాదు."

వేశాడు. బండి సర్దుకుంది. కొంత దూరం పోయాక, "నీకెట్ల తెలుసు?" అన్నాడు.

"అలీసాగర్ గుట్ట ఎక్కేటప్పుడు బాపు గట్లనే ఏసేటోడు. నువ్వు వెనక సీట్ల పండేటోనివి. నేను ముందట కూసుండి ఆయన చెయ్యి చూసేదాన్ని."

వాడేమీ అనలేదు. రెండు కార్లు మమ్మల్ని దాటిపోయాయి. తరువాత, రోడ్డు మీద నుంచి చూపు తీయకుండానే అన్నాడు.

"ఆ దినం నువ్వు ఫోన్ పట్టుకున్నవ్ గదా. నాకు పొగ తప్ప ఏం కనపడలే అక్కా. నీకు చెప్పలే." ఇంకో మలుపు దాటాక, "ఈ బండి ఇంజను గూడ చూడలే కొనేటప్పుడు. తలుపు తీసి వాసన చూసిన. గంతే" అన్నాడు.

వాడితో అనాల్సిన మాట నా దగ్గర మూడేళ్ల నుంచి తయారుగా ఉంది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఎన్నిసార్లు అనుకున్నానో, పదాలు కూడా అరిగిపోయాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ముందట చూడు. ఎనక ఎవడో లైట్లు ఏస్తుండు" అని.

కుడి ఇండికేటరు వేశాడు.

రంగులరాట్నం అనే సిమెంటు మలుపులో బండి గతుకులకు నా గాజులు గలగలమన్నాయి, ఒకటి పగిలింది కూడా. మిగతా దారి నాకు అంతగా గుర్తులేదు. చివర్లో పొడుగాటి తిన్నని రోడ్డు, బయటికి దారి. ఎంతసేపు పట్టిందంటారా, గడియారం చూడలేదు. చూడొద్దని రూలే ఉందిగా!

పార్కింగులో బోనెట్ ఎత్తి పెట్టి, ఇంజను చల్లారేదాకా గడ్డిలో కూర్చున్నాం. ముసలాయన పులిహోర డబ్బాను అట్లాగే బీటిల్ బోనెట్ మీద కాపలా పెట్టుకున్నాడు. ఆయనకూ పెట్టాను. వాడు రెండో రౌండు అడగలేదు. ఇంటికొచ్చాక మరదలు పిల్లను నా ఒళ్లో వేసి, "ఎంత స్పీడు పోయిండు?" అంది. "మన బోధన్ బస్సు అంత" అన్నాను.

తిరిగొచ్చాక మొదటి ఆదివారమే బోధన్ పోయాను. 2021లో వచ్చిన కేంద్రం రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటిన, అసలు రూపు మార్చని బండ్లను వింటేజ్‌గా రిజిస్టరు చేస్తారు. నంబరులో 'వీఏ' అని వస్తుంది, కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ వాడకూడదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు తీయొచ్చు. బాపు బండికి వయసైతే వచ్చేసింది. ఫీజు తమ్ముడు పంపుతానన్నాడు, కాగితాలు నేను వెతుకుతున్నాను. ఆర్‌సీ పుస్తకం బియ్యం డ్రమ్ము వెనక దొరికింది, దేవుడి దయ.

నిజామాబాద్ నుంచి ఒక పాత మెకానిక్కును వెంట తీసుకుపోయాను. ఆయన తార్పాలిన్ లాగి, ఎలుకల గూళ్లు దులిపి, పెట్రోలు ట్యాంకు కడిగి, కొత్త బ్యాటరీ పెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. "నేను ఈడ కార్బొరేటరు చూస్తుంట. మీరు లోపల కూసొని స్టార్ట్ చెయ్యిరి మేడం" అన్నాడు.

కుడి తలుపు తీసి కూర్చున్నాను. ఈసారి నా ముందు స్టీరింగు ఉంది. న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, చోక్ లాగి తాళం తిప్పాను. దగ్గింది. మళ్లీ తిప్పాను. నాలుగోసారి అంటుకుంది. వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. వెనక్కి చూస్తే వాకిలంతా తెల్లటి పొగ.

అమ్మ కర్ర పట్టుకొని అరుగు మీదికి వచ్చింది. బండిని చూసింది, నన్ను చూసింది.

"దండెం మీద బట్టలున్నయే, పొగ వాసన పడుతది. ఆ బండిని జర ముందట్కి తియ్యి" అంది.