నకలు మీద రాస్తే అసలు మారింది

2016 దసరా నాడు, అక్టోబర్ 11న, మా ఊరు ఆదిలాబాద్ జిల్లాలోంచి మంచిర్యాల జిల్లాలోకి వెళ్లింది. ఊరు అక్కడే ఉంది, జిల్లా పేరే మారింది. వారం దాటిందో లేదో, కరీంనగర్‌లో నేను చూసుకునే సర్వర్‌కి గండం వచ్చిపడింది. దాని పేరు డర్టీ కౌ. నవ్వకండి, నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

లినక్స్ కెర్నల్‌లో 2007 నుంచీ ఉన్న లోపం అది. ఫిల్ ఆస్టర్ అనే ఆయన, తన సర్వర్ మీద జరిగిన దాడిని పరిశీలిస్తూ పట్టుకున్నాడు. మామూలు లాగిన్ ఉన్నవాడెవడైనా సెకన్లలో రూట్ అయిపోవచ్చు. మా సర్వర్‌లో, ఉద్యోగం మానేసి పోయినవాళ్ల ఖాతాలు నాలుగు అలాగే ఉన్నాయి. తీసెయ్యనిది నేనే.

కంటి పరీక్షకని వచ్చిన బాపు నా రూంలోనే ఉన్నాడు. "ఏందిరా, పండుతలేవు?" అన్నాడు.

బాపుకి కంప్యూటర్ తెలీదు, పహాణీ తెలుసు. మా రెండెకరాలు ఒక ఏడాది పహాణీలో ఎకరం పది గుంటలైంది. సరిచేయించడానికి ఆరేళ్లు తిరిగాడు. అందుకే ఆ భాషలోనే చెప్పాను.

"ఫైలును మెమరీల చూపిస్తరు బాపూ. సదువుకోవచ్చు, దిద్దొద్దు. దిద్దుతా అంటే నకలు తీసిస్తరు, అసలు భద్రంగ ఉంటది. గిప్పుడు నకలు మీద రాస్తే అసలు మారుతున్నది."

బాపు లేచి కూర్చున్నాడు. "గదెట్లరా?"

"ఇద్దరుంటరు. ఒకడు రాస్తనే ఉంటడు. ఇంకొకడు 'ఆ నకలు నాకొద్దు, పారెయ్' అంటనే ఉంటడు. లక్షల సార్లు. నకలు ఇచ్చిన సంగతి గుమాస్తాకు యాదికుంటది, పారేసింది యాదికుండది. చేతికందిన అసలు కాయితం మీదనే రాస్తడు."

లినస్ టోర్వాల్డ్స్ చేసిన రిపేరు చిన్నదే. నకలు తీశామని విడిగా గుర్తు పెట్టుకోవాలి, రాసే ముందు చేతిలో ఉన్నది నకలేనా అని చూసుకోవాలి. పదకొండేళ్ల కింద తానే ఒకసారి దీన్ని సరిగ్గా సరిచేయలేకపోయానని, ఐబీఎం పెద్ద మెషీన్లలో ఇబ్బంది వచ్చి ఆ మార్పు కూడా తీసేశారని ప్యాచ్‌తోపాటే రాశాడు. అంత పెద్దాయన అలా రాయడం చూసి, నా నాలుగు ఖాతాల సంగతి పొద్దున్నే మా సార్‌కి చెప్పేయాలనుకున్నాను.

రాత్రి ఒంటిగంటకు కొత్త కెర్నల్ వేసి రీబూట్ కొట్టాను. పింగ్ రాలేదు. రెండు నిమిషాలు, మూడు... చెమటలు. నాలుగో నిమిషంలో వచ్చింది. ముందుగా ఆ నాలుగు ఖాతాలు తీసేశా.

ఆండ్రాయిడ్‌లోనూ ఉండేది ఆ కెర్నలే. అప్పటి నా ఫోన్‌కి మాత్రం ఆ ప్యాచ్ ఎప్పటికీ రాలేదు. 2017లో ఒక మాల్వేర్ ఇదే లోపంతో ఫోన్లలో దూరింది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది, ఒకసారి చూస్కోండి.

పొద్దున బస్టాండ్‌లో బాపు అడిగాడు: "మరి ఆ గుమాస్తాను ఏం జేసిండ్రు?"

"ఏం జెయ్యలే. లెక్క రాసుకునే పద్ధతి మార్చిండ్రు."

"మన దగ్గర గది గూడ జెయ్యలే" అంటూ మంచిర్యాల బస్సెక్కాడు.