డెట్రాయిట్‌లో ఒక టవర్ ఖాళీ, ఇంకో టవర్ రెడీ

డెట్రాయిట్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. నిజం చెప్పాలంటే ఉండేది నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివార్లలో. కార్ల కంపెనీల సాఫ్ట్‌వేర్ పనులు, ఇండియన్ గ్రోసరీ, గుడి అన్నీ అటువైపే. డౌన్‌టౌన్‌కి వెళ్లేది ఎక్కువగా ఇంటికొచ్చిన చుట్టాలకి నది చూపించడానికి. అవతల కెనడా కనిపిస్తుంది కదా, ఫొటో బాగా వస్తుంది.

ఆ ఫొటోల్లో పడే అద్దాల టవర్ల గుంపే రినైజాన్స్ సెంటర్. ఇక్కడివాళ్లు రెన్‌సెన్ అంటారు. మధ్యలో 73 అంతస్తుల గుండ్రటి హోటల్, చుట్టూ 39 అంతస్తులవి నాలుగు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా శివార్లకి జారిపోతోంది. 1967 అల్లర్లతో ఊరు ఇంకా దెబ్బతింది. నడిబొడ్డుని మళ్లీ బతికిద్దామని రెండో హెన్రీ ఫోర్డ్ పూనుకున్నాడు. జాన్ పోర్ట్‌మన్ డిజైన్, ఖర్చు దాదాపు 35 కోట్ల డాలర్లు. 1977లో తెరిచారు.

లోపల దారి తప్పడం గ్యారంటీ, అన్నీ గుండ్రంగా తిరిగే దారులే. అసలు సమస్య మాత్రం బయట. జెఫర్సన్ అవెన్యూ వైపు గోడల్లాంటి కాంక్రీట్ దిమ్మలు కట్టారు. కారులో వచ్చి, లోపలే తిని, కారులోనే వెళ్లిపోవచ్చు. వీధిలో చిన్న షాపువాడికి ఒరిగింది తక్కువ. పైగా పాత బిల్డింగుల్లోని ఆఫీసులే ఇందులోకి మారాయి. మా భాషలో చెప్పాలంటే కొత్త యూజర్లు రాలేదు, లోడ్ మాత్రం సర్వర్ మారింది. 1996లో జనరల్ మోటర్స్ దీన్ని కట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా పెట్టకుండా కొనేసింది. తర్వాత ఆ దిమ్మలు తీయించి, నది వైపు అద్దాల హాలు కట్టించింది.

అక్కణ్నుంచి వుడ్‌వర్డ్ అవెన్యూకి నడిచే వెళ్లొచ్చు. ఒకప్పుడు హడ్సన్స్ అనే మహా షాపింగ్ స్టోర్ అక్కడే ఉండేది. 1983లో మూతపడింది, 1998లో పేల్చి కూల్చేశారు. ఆ శిథిలాలు పడి పక్కనున్న పీపుల్ మూవర్ రైలు ట్రాక్ కూడా దెబ్బతింది! అదే జాగాలో డాన్ గిల్బర్ట్ కంపెనీ బెడ్‌రాక్ 2017 చివర్లో కొత్త టవర్ మొదలుపెట్టింది. మిషిగన్‌లోనే ఎత్తైనది కడతామన్నారు, చివరికి 680 అడుగుల దగ్గర ఆపారు. రెన్‌సెన్ రికార్డు పదిలం.

నాకు నచ్చిందేంటంటే, ఇది నేరుగా ఫుట్‌పాత్ మీదకే తెరుచుకుంటుంది. నచ్చనిది, 2022లో సిటీ కౌన్సిల్ దీనికి ఇచ్చిన దాదాపు 6 కోట్ల డాలర్ల పన్ను రాయితీ. బిలియనీర్‌కి మన డబ్బెందుకని ఊళ్లో గట్టి గొడవే జరిగింది. అంత చేస్తే, హెడాఫీసు పెడతామని 2024లో ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? జనరల్ మోటర్సే. మైలు కూడా లేని రెన్‌సెన్ నుంచి! అటు రెన్‌సెన్‌లో రెండు టవర్లు కూల్చే ప్లాన్ అదే ఏడాది నవంబర్‌లో బయటికొచ్చింది.

అయితే 1977కీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. 1957 తర్వాత మొదటిసారి 2023లో డెట్రాయిట్ జనాభా కాస్త పెరిగిందని సెన్సస్ అంచనా. వెళ్తే వారంలో మామూలు రోజు, సాయంత్రం ఆరున్నరకి వెళ్లండి. పైకి కాదు, వుడ్‌వర్డ్ ఫుట్‌పాత్ మీద ఆఫీసు బ్యాడ్జీ లేనివాళ్లు ఎంతమంది తిరుగుతున్నారో చూడండి.